నొప్పి లేదని ఊరుకోవద్దు



కొన్ని సంవత్సరముల క్రితం తాండూరు ప్రక్క గ్రామం నుండి ఒక తల్లి మా ఓ.పి.కి వచ్చింది. వయస్సు నలభై ఆరు. కొంగు నిండుగా కప్పుకొని బల్ల చివర ఒంటరిగా కూర్చున్నది. లోపలి గదికి తీసుకువెళ్ళి తలుపు వేసిన తర్వాత గాని ఆమె కొంగు తీయలేదు. ఎడమ రొమ్ములో గడ్డ పగిలి పుండైంది.

"ఎన్ని రోజులైందమ్మా?" అని అడిగాను.

"ఏడాది దాటింది సిస్టరమ్మా. అప్పుడు చింతగింజంత ఉండె. నొస్తలేకుండె. బిడ్డ పెండ్లి అయినంక చూపిచ్చుకుందామనుకున్న" అన్నది.

ఆ ఏడాదిలో ఆమె ఆసుపత్రి గడప తొక్కలేదా అంటే, తొక్కింది. బి.పి. మాత్రల కొరకు మూడుసార్లు వచ్చినట్లు ఆమె చీటీలోనే ఉన్నది. మూడుసార్లూ మేము బి.పి. చూసి పంపించాము. "రొమ్ములో గడ్డ ఏమైనా తగులుతున్నదా అమ్మా?" అని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆమె సిగ్గుపడి చెప్పలేదు. మేము అడగలేదు. ఈ మాట వ్రాయుటకు నాకు బాధగా ఉన్నది గాని, దాచితే ప్రయోజనం లేదు.

నొప్పి ఎందుకు ఉండదు?

దెబ్బ తగిలినా, చీము పట్టినా వెంటనే నొప్పి తెలుస్తుంది. కేన్సర్ అలా కాదు. శరీరంలోని కణాలు అదుపు తప్పి మెల్లగా పెరుగుతాయి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు సాధారణంగా నొప్పి ఉండదు. అది నరాలను, ఎముకలను తాకిన తర్వాత నొప్పి మొదలవుతుంది. అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది. కాబట్టి "నొస్తలేదు గదా" అనుట ధైర్యం చెప్పే మాట కాదు. చూపించుకోవలసిన మాట.

అలాగని గడ్డ తగలగానే బెదరవద్దు. రొమ్ములో వచ్చే గడ్డలలో ఎక్కువ భాగం కేన్సర్ కాదు. కాని ఏది అవునో, ఏది కాదో ఇంట్లో కూర్చొని చెప్పలేము. పరీక్షయే చెప్పాలి.

ఈ గుర్తులు కనిపిస్తే చూపించుకోండి

మన దేశంలో 2022లో సుమారు 14 లక్షల మందికి కొత్తగా కేన్సర్ వచ్చినట్లు అంచనా. స్త్రీలలో రొమ్ము కేన్సర్ మొదటిది, గర్భాశయ ముఖద్వార కేన్సర్ రెండవది. పురుషులలో నోటి కేన్సర్ ఎక్కువ. ఈ మూడూ ముందుగా కనిపెట్టగలిగినవే.

రొమ్ము: నొప్పి లేని గడ్డ, చంకలో గడ్డ, చర్మం బత్తాయి తొక్కలాగా గుంటలు పడుట, చనుమొన లోపలికి లాగుకొనుట, దాని నుండి రక్తం వచ్చుట. నెలసరి ముగిసిన కొద్ది రోజులకు, స్నానం చేసేటప్పుడు వేళ్ళ కొనలతో కాక, వేళ్ళను చాపి, రొమ్ము అంతా, చంక వరకు నెమ్మదిగా తడిమి చూసుకోండి.

గర్భాశయ ముఖద్వారం: ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్ళీ రక్తం కనిపించుట, నెలసరికి నెలసరికి మధ్య రక్తస్రావం, భర్తతో కలిసిన తర్వాత రక్తం, దుర్వాసనతో తెల్లబట్ట.

నోరు, గొంతు: రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్లని లేక ఎర్రని మచ్చ, మూడు వేళ్ళు పట్టేంత నోరు తెరవలేకపోవుట, గొంతు బొంగురుపోయి తగ్గకపోవుట, మింగుట కష్టమగుట. తాండూరులో నాపరాళ్ళ గనులలో, పాలిషింగ్ యూనిట్లలో పని చేసే అన్నలకు, తమ్ముళ్ళకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. తంబాకు, సున్నం నలిపి పెదవి క్రింద పెట్టుకునే చోటనే పుండు లేస్తుంది. గుట్కా, జర్దా, బీడీ అన్నీ ఒకటే. వాటికి మద్యం తోడైతే అపాయం ఇంకా పెరుగుతుంది.

ఇవి గాక, మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గుట, తగ్గని దగ్గు కూడా అశ్రద్ధ చేయవద్దు.

చిన్న పరీక్ష, పెద్ద మేలు

30 ఏళ్ళు దాటిన వారికి ఈ మూడు కేన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో చేసే కార్యక్రమం ఉన్నది. మీ ఊరి ఆశా కార్యకర్తను, ఏ.ఎన్.ఎం.ను అడగండి. గర్భాశయ ముఖద్వారానికి పలుచని వెనిగర్ అద్ది చూస్తారు. మార్పు ఉన్న చోటు తెల్లబడుతుంది. కొద్ది నిమిషాల పని.

ఇంత చిన్న పరీక్షతో ఏమవుతుందని అనుకోవద్దు. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు మురికివాడలలోని సుమారు లక్షన్నర మంది స్త్రీలను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో రెండేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయించారు. చేసినది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తలు. ఆ భాగంలో ఈ కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గినట్లు 2013లో వెల్లడించారు.

9 నుండి 14 ఏళ్ళ ఆడపిల్లలకు ఈ కేన్సర్ రాకుండా హెచ్.పి.వి. టీకా కూడా ఉన్నది.

ఈ మాటలు నమ్మవద్దు

"ముక్క తీస్తే పాకుతది" అంటారు. బయాప్సీ వలన కేన్సర్ పాకదు. ముక్క తీయకుండా సరైన చికిత్స నిర్ణయించలేరు. "అంటుకుంటది" అని కంచం, చెంబు వేరు చేస్తారు. కేన్సర్ అంటువ్యాధి కాదు. పసరు కట్లతో నెలలు గడిపి వచ్చిన వారిని చూస్తే మాకు చాలా బాధ కలుగుతుంది. ఒకప్పుడు అనంతగిరి కొండ మీది క్షయ ఆసుపత్రికి పోయిన సంగతి చుట్టాలకు కూడా చెప్పేవారు కాదు. అలా దాచుట వలన ఎవరికీ మేలు జరగలేదు. కేన్సర్ సంగతీ అంతే.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రి ప్రభుత్వానిది. 1955లో మెహదీ నవాజ్ జంగ్ గారి చొరవతో మొదలైంది. నాంపల్లి స్టేషనులో దిగితే దగ్గరే.

ఆరోగ్యశ్రీ పథకం క్రింద కేన్సర్ ఆపరేషను, కీమోథెరపీ, రేడియేషన్ ఉన్నవి. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెరిగింది. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలవండి.

చికిత్సకు రైలులో వెళ్ళే కేన్సర్ రోగికి స్లీపర్ తరగతిలో పూర్తి రాయితీ, సెకండ్ క్లాసులో 75 శాతం రాయితీ ఉన్నది. తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం. చికిత్స చేసే డాక్టరు చేత రాయితీ పత్రం వ్రాయించుకోవాలి. రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి.

వ్యాధి ముదిరినా "ఇక చేసేదేమీ లేదు" అనవద్దు. నొప్పి తగ్గించుటకు, పుండు వాసన పోవుటకు, వాంతులు ఆగుటకు మందులున్నవి. దీనినే పాలియేటివ్ కేర్ అంటారు. డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్‌కు భయపడవద్దు.

సంఘస్థులకు ఒక మనవి. రేడియేషన్ అంటే తరచుగా వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు. తాండూరు నుండి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పరామర్శించి వచ్చుట మంచిదే. అంతకన్నా, ఒకరోజు తోడు వెళ్ళండి, ఆ ఇంటి పిల్లలకు ఒక పూట అన్నం పెట్టండి, బర్రె పాలు పిండండి. స్త్రీల సమాజంలో ఒక్కొక్కరు ఒక్కొక్క రోజు పంచుకుంటే చికిత్స మధ్యలో ఆగదు.

ఆ తల్లి కూతురి పెండ్లి చూసింది. కట్టు కట్టుకొనే అక్షతలు వేసింది. మరుసటి ఏడు కన్నుమూసింది. అప్పటి నుండి మా ఓ.పి.లో ఏ పని మీద వచ్చిన స్త్రీనైనా గడ్డ సంగతి అడగకుండా పంపించుట లేదు.

మొన్న ఆ కూతురే తన అత్తగారిని చేయి పట్టుకొని తీసుకువచ్చింది. "రొమ్ముల గడ్డ ఉన్నది సిస్టరమ్మా. నొస్తలేదంటున్నది. అందుకే తోల్కొచ్చిన" అన్నది.

పరీక్షలో అది కేన్సర్ కాదని తేలింది. ఇద్దరూ నవ్వుకుంటూ బస్సెక్కినారు. మీరు కూడా అలాగే రండి. మేము అడుగుతాము, మీరు చెప్పండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్