కన్నూ, నాలుకా, చెన్నపట్నమూ

పట్నం అనే మాటకు కోస్తా జిల్లాలలోను, రాయలసీమలోను ఒకప్పుడు విశేషణం అక్కరలేదు. పట్నమంటే చెన్నపట్నమే. హైకోర్టు వ్యాజ్యం, పై చదువు, కంటి వైద్యం, పుస్తకం అచ్చు — పని ఏదైనా ఆ రైలెక్కవలసినదే. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, చెన్నపట్నం ఎల్లకు ఆవల నిలిచిపోయిన తరువాత ఆ రాకపోకలు క్రమంగా సన్నగిల్లాయి. 1996లో ఊరి పేరు కూడ అధికారికంగా చెన్నై అయినది. అయినా, మహానగరాన్ని మొదటిసారి చూచే మనిషి మనస్సు ఎట్లా మెలగుతుందో తెలుసుకోవడానికి తెలుగువారికి ఆ ఊరిని మించిన ఉదాహరణ లేదు.

కొత్త ఊరికి పోయినవానికి రెండు ఆకళ్లు: ఒకటి కడుపుది, రెండవది కంటిది. ఈ రెండింటి నడవడి పరస్పర విరుద్ధం. కన్ను ఎన్నడూ చూడనిదానినే కోరుతుంది. నాలుక నిన్న ఇంట తిన్నదానినే కోరుతుంది. కన్నుకు వింత కావాలి, నాలుకకు ఇల్లు కావాలి. మొదటి ప్రయాణంలోని తికమకలన్నీ ఈ వైరుధ్యంలోనుంచి పుట్టినవే.

ఇంటినుంచి కట్టుకొనివచ్చిన పులిహోర మూట రైలులోనే ఖాళీ అవుతుంది. సెంట్రల్ స్టేషను దాటిన తరువాత హోటలే గతి. అరిటాకు వేస్తారు, నీళ్లు చిలకరిస్తారు, అన్నం వడ్డిస్తారు; అంతవరకు అంతా పరిచితమే. ఆ మీదట కథ మారుతుంది. తెలుగువాడు మొదట పప్పూ నెయ్యీ కలుపుకొని, కూరా పచ్చడీ రుచిచూచి, పులుసో చారో పోసుకొని, పెరుగుతో ముగిస్తాడు. ఇక్కడ మొదటి ముద్దే సాంబారుతో. తరువాత రసం, ఆ తరువాత మజ్జిగ. నడుమ కూటు, పొరియల్, అప్పళం. ఆవకాయ లేదు, గోంగూర లేదు, కారం కంటికి కూడ ఆనదు. “పప్పు ఏదయ్యా?” అని అడిగితే, సాంబారులో ఉన్నదిగదా అని సర్వరు ఆశ్చర్యపోతాడు. ఇద్దరి ఆశ్చర్యమూ న్యాయమైనదే. తన ఇంటి వడ్డనక్రమం ప్రకృతి విధించిన ధర్మమని ప్రతివాడూ నమ్ముతాడు. అది కేవలం తన ఇంటి అలవాటు అని తెలియడానికి ఒక్క పరాయి విస్తరి చాలు. పట్నం నేర్పే మొదటి పాఠం ఇదే.

ఆ విస్తరిముందే భాషోపాధ్యాయుడు గమనించదగిన విశేషం మరొకటి ఉన్నది. అరవం రాదని బిక్కమొగం వేసినవాడు ఉప్పు అడిగితే సర్వరు వెంటనే తెచ్చిపెడతాడు. అరవంలోనూ అది ఉప్పే. నెయ్యి అక్కడ నెయ్, పాలు పాల్, పప్పు పరుప్పు. ఈ భాషలు ఒకే కుటుంబానికి చెందినవనీ, ఆ కుటుంబం సంస్కృతంనుంచి పుట్టినది కాదనీ ఎల్లిస్ దొర 1816లో సప్రమాణంగా నిరూపించాడు. ఆ వ్యాసం వెలువడినది క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి పీఠికగా, అచ్చయినది చెన్నపట్నంలో. పండితులు గ్రంథాలు శోధించి తేల్చిన బంధుత్వం ఆకలిగొన్నవానికి విస్తరిముందే కొంత బోధపడుతుంది.

హోటలులో చూడవలసినది తిండి మాత్రమే కాదు, పంక్తి కూడ. ఊళ్లో ఎవడు ఎవని ప్రక్కన కూర్చుండి తినవచ్చునో పుట్టుకతోనే నిర్ణయమై ఉండేది. పట్నపు హోటలులో ప్రక్కవాని కులం అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అయితే నగరం ఈ సమత్వాన్ని ఉదారంగా దానం చేసినదనుకోవడం పొరపాటు. అక్కడి రైల్వే భోజనశాలలలోనే బ్రాహ్మణులకు వేరు, ఇతరులకు వేరు ఏర్పాట్లు ఉండేవి. పెరియార్ రామస్వామి వర్గంవారి ఆందోళన జరిగిన తరువాత 1941లో ఆ భేదం తొలగినది. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగం, మత జాతి కుల భేదాలను బట్టి ఎవరినీ భోజనశాలలకు రానీయకుండ అడ్డగించరాదని 15వ అధికరణంలో శాసించినది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చినది. అపరిచితుని మోచేయి తనకు తగులుతూండగా నిశ్చింతగా తినగలగడం కోటకంటె, సముద్రంకంటె గొప్ప దృశ్యం. దానిని చూడడానికి టికెట్టు లేదు గనుక చూచేవారు తక్కువ.

ఇక కంటి ఆకలి మాట. హైకోర్టు ఎర్రభవనం 1892లో పూర్తి అయినది. దాని శిఖరంమీద 1894 మొదలు 1977 వరకు ఓడలకు దారి చూపే దీపం వెలిగేది. మెరీనా సముద్రతీరం సరేసరి. కాని పల్లెనుంచి వచ్చినవారు తప్పక చూచినవి రెండు కాలేజీలు: చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ. మొదటిది మ్యూజియం, రెండవది జంతుప్రదర్శనశాల. ఈ మాటలు విని చదువుకున్నవారు నవ్వేవారు. నవ్వవలసినది లేదు. మ్యూజియం 1851లో మొదట వెలసినది సెంట్ జార్జి కోట కళాశాల మేడమీదనే. 1854లో అది ఎగ్మూరుకు తరలినది. 1855లో ఆ ఆవరణలోనే జంతుశాల మొదలైనది. తరువాత నగరమధ్యంలోని పార్కుకు మారి, 1985లో ఆ జంతుశాల వండలూరు చేరినది. చదువురానివాడు పెట్టిన పేరులో చరిత్ర నిలిచి ఉన్నది. నవ్వినవానికి ఆ చరిత్ర తెలియదు.

చచ్చిన కాలేజీకి పోయినవారు తిమింగిలపు ఎముకలగూడు ముందు నోరు తెరచి నిలుచుండేవారు. ప్రక్కశాలలోని రాళ్లవైపు ఒక్కచూపు విసరి వెళ్లిపోయేవారు. ఆ రాళ్లు అమరావతివి. 1797లో మెకంజీ కృష్ణాతీరాన ఆ స్తూపశిథిలాలను చూచాడు. 1845లో గుంటూరులో ఉద్యోగం చేస్తూండిన ఎలియట్ దొర త్రవ్వించి శిల్పాలను చెన్నపట్నం పంపించాడు. వానిలో చాలభాగం 1859లో లండను చేరినది. తక్కినవి, తరువాతి త్రవ్వకాలలో దొరికినవి పెక్కు, ఎగ్మూరులో ఉన్నాయి. వానిలో ఒక వలయశిల్పం లోకప్రసిద్ధం. మదించిన నాలాగిరి ఏనుగు నగరవీథిలో విజృంభిస్తుంది, జనం చెల్లాచెదురవుతారు, మేడ కిటికీలనుంచి కొందరు తొంగిచూస్తారు. అదే ఏనుగు బుద్ధుని ఎదుట మోకరిల్లుతుంది. నగరాన్నీ, నగరాన్ని చూచే జనాన్నీ తెలుగు గడ్డమీది శిల్పి సుమారు 1800 ఏండ్లనాడే రాతిలో చెక్కి పెట్టాడు. గుంటూరునుంచి వింతలు చూడ వచ్చినవాడు తన ఊరి ప్రక్కనుంచి వచ్చిన ఈ శిల్పాన్ని గుర్తుపట్టక దాటిపోతే, అతడు పోగొట్టుకున్నది రైలు ఖర్చు మాత్రమే కాదు.

కనుక మొదటి నగరయాత్రలో నేర్వవలసిన విద్య ఈ రెండు ఆకళ్లనూ తారుమారు చేయడమే. ఇల్లు కోరే నాలుకకు వింతను అలవాటు చేయాలి. వింత కోరే కంటికి ఇంటిని గుర్తుపట్టడం నేర్పాలి. నాలుక విషయంలో కాలమే ఈ పని చేసినది. సాంబారును వెక్కిరించిన తెలుగుదేశంలో నేడు ఇడ్లీ సాంబారు దొరకని పట్టణం లేదు. చెన్నైలో ఆంధ్రా భోజనశాలల ముందు తమిళులు గోంగూర కోసం వేచి ఉంటారు. కంటి విషయంలో కాలం సాయపడదు. అది ఉపాధ్యాయుడు చేయవలసిన పని.

పాఠశాలల విహారయాత్రలు సాధారణంగా ఇందుకు విరుద్ధంగా జరుగుతాయి. ఒక్కపూటలో పది స్థలాలు, ప్రతిచోటా వరుసలో నిలబెట్టి తలలు లెక్కపెట్టడం, చీకటిపడగానే బస్సు. నేటి విద్యార్థులకు పట్నమంటే హైదరాబాదు కావచ్చు. అయినా పద్ధతి అదే. 1591నాటి చార్మినారు ముందు ఫోటో దిగి, సాలార్జంగు మ్యూజియంలో గంటకొట్టే బొమ్మను చూచి, ఇరానీ చాయ్ త్రాగకుండానే తిరిగివస్తారు. పది స్థలాలను రెండు చేసి, ఒక్క శాలలో గంటసేపు కూర్చుండబెట్టి, తిరిగివచ్చిన మరునాడు పిల్లలను రెండే ప్రశ్నలు అడగవచ్చు: ఇంట ఎన్నడూ తినని దేనిని అక్కడ తిన్నావు? అక్కడ చూచినవానిలో నీ ఊరిది ఏది? ఈ రెండింటికీ జవాబు వ్రాయగలిగిన పిల్లవాడు నగరాన్ని చూచినట్లే. వ్రాయలేకపోతే, అతణ్ణి మరొకసారి తీసుకొనిపోవలసి ఉంటుంది.