టైపు పనియు, చేతి అలసటయు

వ్రాతపని ఒకప్పుడు కలముతో జరిగెడిది. పిమ్మట టైపుయంత్రము వచ్చినది. నేడు ఆ స్థానమును కంప్యూటరు కీబోర్డు ఆక్రమించినది. కార్యాలయములలోని గుమాస్తాలు, న్యాయస్థానములలో వాఙ్మూలములను ఎక్కించువారు, ముద్రణాలయములలో డి.టి.పి. చేయువారు, మీసేవా కేంద్రములలో దరఖాస్తులు నింపువారు మున్నగు వారందరి జీవనము పది వ్రేళ్లపై ఆధారపడియున్నది. బరువులు మోయువాని నడుము నొప్పిని లోకము సులభముగా నమ్మును. కుర్చీలో కూర్చుండి మీటలు నొక్కువాని చేయి అలసినదన్నచో నమ్మువారు అరుదు. పని తేలికగా కనబడుటయే ఇందుకు కారణము.

ఇటీవల మెకానికల్ కీబోర్డులు అనునవి విరివిగా లభించుచున్నవి. వీనిలో ప్రతి మీట క్రిందను ఒక ప్రత్యేకమైన స్విచ్చి, దానిలో ఒక స్ప్రింగు ఉండును. మెత్తని మీటలు కొన్నచో చేతినొప్పి పోవునని కొందరు, గట్టి మీటలే చేతికి మంచివని మరికొందరు చెప్పుచుందురు. నొప్పితో బాధపడువారు ఈ మాటలు విని, వేలకొలది రూపాయలు వెచ్చించి కీబోర్డులు మార్చుచున్నారు. మీట భేదము చేతిపై ఎంతవరకు పనిచేయును, ఎక్కడ పనిచేయదు అను విషయమును తెలిసికొనుట వారికి మిక్కిలి అవసరము.

చేయి పనిచేయు విధము

వ్రేళ్లను వంచుటకును, చాచుటకును తోడ్పడు ముఖ్యమైన కండరములు వ్రేళ్లలో లేవు. అవి మోచేతికిని మణికట్టుకును నడుమగల ముంజేతిలో ఉన్నవి. ముంజేతి లోపలివైపు కండరములు వ్రేళ్లను వంచును. వెలుపలివైపు కండరములు వాటిని పైకెత్తును. ఈ కండరములనుండి స్నాయువులు అనబడు గట్టి త్రాళ్లు బయలుదేరి, మణికట్టును దాటి వ్రేళ్లను చేరును. మణికట్టు లోపలివైపున ఎముకలచేతను, ఒక బిగువైన పట్టీచేతను ఏర్పడిన ఇరుకైన మార్గము కలదు. తొమ్మిది స్నాయువులును, బొటనవ్రేలు మొదలు ఉంగరపు వ్రేలి సగభాగమువరకు స్పర్శజ్ఞానము నిచ్చు ఒక ముఖ్యనాడియు ఈ మార్గముననే పోవును. అక్కడ వాపు కలిగినచో మొదట నలుగునది ఆ నాడియే.

టైపు చేయునప్పుడు వంచు కండరములు మీటను నొక్కి వెంటనే విశ్రమించును. కాని ఎత్తు కండరములు వ్రేళ్లను మీటలపైన గాలిలో నిలిపి ఉంచుటకు ఎడతెగక బిగిసి ఉండును. నీళ్ల చెంబును చేయి చాచి పట్టుకొన్నవానికి కొంతసేపటికే భుజము లాగును. చెంబు బరువు పెరిగినందున కాదు, కండరమునకు విశ్రాంతి లేనందున. అనేకులకు సాయంకాలమగునప్పటికి ముంజేతి వెలుపలివైపున పీకుట కలుగుచుండుటకు ఇదియే ముఖ్యకారణము.

మీటలలో భేదములు

భారతదేశమున గోద్రెజ్ సంస్థ 1955లో టైపుయంత్రమును తయారుచేసినది. పట్టణములలో వెలసిన టైపు శిక్షణాలయములలో కొన్ని తరములవారు అట్టి యంత్రములపైననే విద్య నేర్చిరి. ఆ యంత్రములో వ్రేలి బలమే అక్షరపు కడ్డీని లేపి కాగితముపై కొట్టవలసియుండెను. కావున మీటను బలముగా మోదు అలవాటు ఆ విద్యలో భాగమైనది. కంప్యూటరు కీబోర్డునకు అంత బలము అక్కరలేదు. అయినను పాత అలవాటు చేతులను విడువలేదు. గురువులనుండి శిష్యులకును అది సంక్రమించినది.

చౌకగా దొరకు సాధారణ కీబోర్డులలో మీట క్రింద రబ్బరు గుబ్బ ఉండును. మెకానికల్ స్విచ్చులు ప్రధానముగా మూడు విధములు. మొదటిది అడుగువరకు నున్నగా దిగునది. రెండవది నడుమ చిన్న గణుపువలె వ్రేలికి తగిలి, అక్షరము పడినదని తెలియజేయునది. మూడవది ఆ గణుపుతోపాటు టిక్కుమను చప్పుడును చేయునది. జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎం.ఎక్స్. స్విచ్చులను రంగులనుబట్టి గుర్తింతురు. ఎరుపును నొక్కుటకు సుమారు 45 గ్రాముల బరువుకు సమానమైన బలము, గోధుమరంగు దానికి సుమారు 55 గ్రాములు, నలుపు, నీలములకు సుమారు 60 గ్రాములు అవసరము. ఎరుపు, నలుపులు నున్ననివి. గోధుమరంగుది గణుపు కలది. నీలము చప్పుడు చేయునది. మీట మొత్తము దిగు లోతు సుమారు 4 మిల్లీమీటర్లు. అక్షరము మాత్రము సుమారు 2 మిల్లీమీటర్లు దిగినప్పుడే నమోదగును. మిగిలిన సగము లోతు పనికి అవసరము లేనిది. ఈ ఒక్క సంగతిని గుర్తుంచుకొన్నవారికి తక్కిన విషయమంతయు సులభముగా బోధపడును.

ఒక దినపు లెక్క

నిమిషమునకు 40 మాటలు టైపు చేయువాడు, మాటకు ఐదు మీటల చొప్పున, నిమిషమునకు 200 మీటలు నొక్కును. గంటకు 12,000, ఐదు గంటలు చేసినచో 60,000. మీటకు 45 గ్రాముల చొప్పున ఈ బలమునంతటిని కూడినచో 27 క్వింటాళ్లగును. 60 గ్రాముల చొప్పున 36 క్వింటాళ్లగును. భారము పది వ్రేళ్లకు పంచబడునదే, ఒక్కసారిగా మీద పడునదియు కాదు. అయినను దినమునకు తొమ్మిది క్వింటాళ్ల భేదము స్వల్పము కాదు. మెత్తని మీటను మెచ్చువారి వాదమునకు ఆధారమిదియే.

మెత్తని మీటయే మేలా?

ఈ లెక్కలో ఒక లోపము కలదు. మీటకు కావలసినంత బలమునే వ్రేళ్లు ప్రయోగించునని అది భావించుచున్నది. వాస్తవమట్లు లేదు. అమెరికా దేశమున జరిగి 1994లో ప్రచురింపబడిన ఒక పరిశీలనలో, టైపు చేయువారు అవసరమైన బలమునకు 2.5 మొదలు 3.9 రెట్లవరకు అధికబలమును ప్రయోగించుచున్నట్లు తేలినది. 45 గ్రాముల మీటను మూడింతల బలముతో కొట్టువాడు 135 గ్రాములు వ్యయపరచును. 60 గ్రాముల మీటను ఒకటిన్నర రెట్ల బలముతో నొక్కువాడు 90 గ్రాములే వ్యయపరచును. కావున మెత్తని మీట కొన్నంత మాత్రమున చేతికి సుఖము కలుగదు. మీటను అడుగంట కొట్టు అలవాటు మారినప్పుడే ఆ ఖర్చునకు ఫలము దక్కును.

మిక్కిలి మెత్తని మీటలవలన మరియొక చిక్కు కలదు. వ్రేలు ఊరక ఆనినను అక్షరము పడును. ఆ భయముచే కొందరు వ్రేళ్లను పైకెత్తియే ఉంచుదురు. అప్పుడు వంచు కండరములకు దక్కిన సుఖము ఎత్తు కండరములకు కష్టమై పరిణమించును. తప్పులు పెరిగినచో వాటిని చెరిపి మరల కొట్టుట అదనపు శ్రమ. గణుపు మీట అక్షరము పడినదని వ్రేలికి తెలుపును గాని, ఆ సూచన నందుకొని వ్రేలిని ఆపుట నేర్చుకొన్నవారికే అది ఉపకరించును.

మీటలవలన ఏ ప్రయోజనమును లేదనుటయు సరికాదు. 1999లో ప్రచురింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, చేతి తిమ్మిరితో బాధపడు 20 మంది కంప్యూటరు ఉద్యోగులకు స్విచ్చుల నిర్మాణములో భేదముగల రెండు రకముల కీబోర్డుల నిచ్చి 12 వారములు పరీక్షించిరి. ఒక రకము వాడినవారికి ఆరవ వారమునకును పండ్రెండవ వారమునకును నడుమ నొప్పి తగ్గినది. అయితే నాడి వేగములోగాని, చేతి పనితనములోగాని చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. దీనివలన రెండు సంగతులు గ్రహింపవచ్చును. మంచి మీట నొప్పికి ఉపశమనము నీయవచ్చును, కాని ఆ ఫలము వారముల తరబడి వేచియున్నగాని తెలియదు. నలిగిన నాడిని మీట బాగుచేయునని మాత్రము ఆశింపరాదు.

తెలుగు టైపు చేయువారి విషయము

భారత ప్రభుత్వము ప్రమాణముగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో హల్లులు అధికముగా కుడిచేతివైపునను, అచ్చుల గుర్తులు ఎడమచేతివైపునను ఉన్నవి. సంయుక్తాక్షరములను కూర్చు పొల్లు గుర్తు ఎడమచేతి నడిమి వ్రేలి క్రింద ఉన్నది. 'స్త్రీ' అను ఒక్క అక్షరమునకు ఆరు మీటలు నొక్కవలెను. అందు రెండు మారులు పొల్లు మీటయే. ఖ, ఘ, ధ, భ వంటి ఒత్తక్షరములకు షిఫ్టు మీటను గూడ పట్టి ఉంచవలెను. కావున తెలుగు వ్రాతలో ఎడమచేతి నడిమి వ్రేలికిని, చిటికెన వ్రేళ్లకును పని హెచ్చు. కుడిచేతి అక్షరమునకు ఎడమచేతి షిఫ్టును, ఎడమచేతి అక్షరమునకు కుడిచేతి షిఫ్టును వాడుట నేర్చుకొన్నచో, ఒకే చేతిని విడదీసి చాచవలసిన శ్రమ తప్పును.

అలసటయు, వ్యాధియు

పని ముగిసిన పిమ్మట చేయి పీకుట, రాత్రి విశ్రాంతితో ఉదయమునకు తగ్గిపోవుట కేవలము అలసట. ఉదయమునను నొప్పి నిలిచియుండుట హెచ్చరిక. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమి వ్రేలు తిమ్మిరెక్కుట, నిద్రలో ఆ తిమ్మిరివలన మెలకువ వచ్చుట, చేయి విదిలించినచో కొంత సుఖముగా తోచుట, పట్టుకొన్న గ్లాసు జారిపోవుట, చొక్కా బొత్తాములు పెట్టుకొనలేకపోవుట మణికట్టులోని నాడి నలుగుచున్నదనుటకు గుర్తులు. దీనిని కార్పల్ టన్నెల్ వ్యాధి అందురు. చిటికెన వ్రేలే తిమ్మిరెక్కినచో చిక్కు వేరొక నాడిలో ఉండవచ్చును.

ఈ వ్యాధికి కీబోర్డే కారణమని తొందరపడి నిర్ణయింపరాదు. డెన్మార్కులో వేలకొలది కంప్యూటరు ఉద్యోగులను పరిశీలించి 2003లో ప్రకటించిన ఫలితములలో, కీబోర్డు వాడుకకును ఈ వ్యాధికిని గట్టి సంబంధము కనబడలేదు. మధుమేహము, థైరాయిడ్ గ్రంథి మాంద్యము, గర్భధారణ మొదలగు స్థితులలోను ఈ వ్యాధి కలుగును. కావున తిమ్మిరి గలవారు కీబోర్డును మార్చి ఊరకుండక, రక్తపరీక్షయు చేయించుకొనుట మంచిది. చేతి తిమ్మిరి వెనుక మధుమేహము దాగియుండవచ్చును.

నివారణోపాయములు

1. మోచేతులు ప్రక్కలకు ఆని, ముంజేతులు నేలకు సమాంతరముగా ఉండునట్లు కుర్చీ ఎత్తును అమర్చుకొనవలెను. పాదములు నేలకు అందనిచో క్రింద పీట వేసికొనవలెను.

2. మణికట్టు పైకిగాని, క్రిందికిగాని, ప్రక్కకుగాని వంగక తిన్నగా ఉండవలెను. కీబోర్డు వెనుక కాళ్లను మడిచివేయుట చాలమందికి మేలు. మెకానికల్ కీబోర్డులు సాధారణముగా ఎత్తుగా ఉండును గనుక వాటిని వాడువారు ఈ విషయమును ముఖ్యముగా గమనింపవలెను.

3. మణికట్టు క్రింద ఉంచు మెత్త పని ఆపినప్పుడు చేతులు ఆనించుటకే. టైపు చేయుచుండగా మణికట్టును దానిపై అదిమిపెట్టరాదు.

4. మీటను తేలికగా నొక్కుట సాధన చేయవలెను. దినమునకు పది నిమిషములు, వేగమును సగమునకు తగ్గించి, మీట అడుగు తగులు చప్పుడు వీలైనంత తగ్గునట్లు టైపు చేయవలెను. కొన్ని వారములలో చేతికి అలవడును.

5. అరగంటకొకమారు ఒక నిమిషము, గంటకొకమారు ఐదు నిమిషములు చేతులు క్రిందికి వ్రేలాడవిడిచి విశ్రమింపవలెను. ఆ ఐదు నిమిషములు సెల్‌ఫోనుపై బొటనవ్రేళ్లతో గడిపినచో అది విశ్రాంతి కాదు.

6. క్రొత్త కీబోర్డు కొనదలచినవారు ముందుగా ఎవరివద్దనైన తీసికొని కొన్ని దినములు వాడి చూడవలెను. నొప్పి ఉన్నవారు మెత్తని రకమును, తప్పులు ఎక్కువగా పడువారు మధ్యరకమును ప్రయత్నింపవచ్చును. పదిమంది కలిసి పనిచేయు గదిలో చప్పుడు చేయు మీటలు వాడకుండుట మర్యాద.

యజమానుల కర్తవ్యము

టైపుయంత్రపు కాలములో పంక్తి ముగియగానే బండిని త్రోయుట, పుట ముగియగానే కాగితము మార్చుట వంటి పనులలో చేతికి తెలియకుండగనే విశ్రాంతి దొరకెడిది. కంప్యూటరు ఆ విరామములను తీసివేసినది. వాటిని తిరిగి కల్పించుట పని చేయించువారి బాధ్యత. అమెరికా ప్రభుత్వ వృత్త్యారోగ్య సంస్థవారు డేటా ఎంట్రీ ఉద్యోగులపై పరీక్ష జరిపి 2000లో ప్రకటించిన ఫలితములు ఇచట గమనింపదగినవి. రోజువారీ విరామములకు తోడు గంటకు ఐదు నిమిషముల చొప్పున అదనపు విరామము నిచ్చినప్పుడు ఉద్యోగుల బాధ తగ్గినది. పని మాత్రము తగ్గలేదు. పుటకు ఇంత అని కూలి చెల్లించుచోట పనివాడు తనంతట తాను చేయి ఆపలేడు. కావున అట్టి చోట్ల విరామమును నియమముగా ఏర్పరచవలెను.

వైద్యుని సంప్రదింపవలసిన సమయము

నొప్పి గాని తిమ్మిరి గాని రెండు వారములకు మించి నిలిచినను, రాత్రులయందు మెలకువ వచ్చుచున్నను, బొటనవ్రేలి మొదటి కండ చిక్కిపోయినట్లు కనబడినను ఆలస్యము చేయరాదు. ఆరంభదశలో రాత్రివేళ మణికట్టును తిన్నగా నిలుపు పట్టీ కట్టుకొనుటచేతనే అనేకులకు గుణము కనిపించును. నరము పట్టినదని తలచి మర్దనలతోను, మందుల దుకాణములో అడిగి తెచ్చుకొన్న నొప్పి మాత్రలతోను నెలలు గడిపినచో, నాడి దెబ్బతిని కండ క్షీణించును. ఒకమారు క్షీణించిన కండ శస్త్రచికిత్స చేసినను పూర్తిగా తిరిగి రాకపోవచ్చును.

మీట మెత్తనిదైనను గట్టిదైనను దానిని నొక్కు చేయి ఒక్కటే. కీబోర్డు చెడినచో మరియొకటి కొనవచ్చును. తేలికగా నొక్కుట, తిన్నగా ఉంచుట, వేళకు విశ్రమించుట అను మూడు నియమములకు ఖర్చు లేదు. వీనిని పాటించిన పిమ్మటనే మీటల మంచిచెడ్డలను విచారింపవలెను.