గోధుమ సోకని వేసవి వంట

చపాతీకి కలిపిన ముద్దను రెండు చేతులతో పట్టుకొని లాగి చూడండి. రబ్బరువలె సాగుతుంది. జొన్నపిండి ముద్దను అట్లే లాగితే సాగదు, తెగి చేతిలోకి వస్తుంది. మా గోలేటిలో జొన్నరొట్టెలు తట్టే అమ్మలకు ఈ భేదము చిన్నప్పటినుండి తెలిసినదే. అయితే దాని కారణమును వెదకవలసిన అవసరము మా క్వార్టర్లలోని ఒక కుటుంబమునకు కలిగింది.

ఆ ఇంటి పిల్ల ఎనిమిదవ తరగతి చదువుతున్నది. వయసుకు తగిన ఎత్తు లేదు. తరచు విరేచనాలు. రక్తహీనతకు ఇనుము మాత్రలు ఎన్ని మింగినా గుణము కనిపించలేదు. చివరకు హైదరాబాదులో రక్తము పరీక్షించి, చిన్నప్రేవునుండి చిన్న ముక్క తీసి చూచి, ఇది సీలియాక్ వ్యాధి అనీ, గోధుమ పూర్తిగా మానవలెననీ వైద్యులు చెప్పారు.

గోధుమలో అంత దోషమేమున్నది? ఇటలీ దేశస్థుడైన బెకారి గోధుమపిండి ముద్దను నీటిలో పిసికి కడిగి, జిగట పదార్థమును వేరుచేసిన సంగతి 1745లో ప్రచురితమైంది. అదే గ్లూటెన్. ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో సులభముగా చేయవచ్చును. పిడికెడు గోధుమపిండిని గట్టిగా కలిపి అరగంట ఉంచి, గిన్నెడు నీటిలో మెల్లగా పిసకండి. పిండిపదార్థము తెల్లగా నీటిలోకి పోతుంది. నమిలిన గమ్మువంటి బూడిదరంగు ముద్ద చేతిలో మిగులుతుంది. జొన్నపిండితో చేస్తే చేతిలో మిగిలేది ఏమీ ఉండదు.

గ్లూటెన్‌లో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల మాంసకృత్తులున్నవి. వీటిలో గ్లయాడిన్‌ను మన జీర్ణరసాలు పూర్తిగా ముక్కలు చేయలేవు. మిగిలిన తునకలవల్ల చాలామందికి ఏ బాధా ఉండదు. పుట్టుకతో వచ్చే ఒకానొక లక్షణమున్న కొందరిలో మాత్రము శరీరపు రక్షణదళము వాటిని శత్రువులనుకొని తిరగబడుతుంది. ఆ పోరులో దెబ్బతినేది సొంత ప్రేవే. మఖమలు గుడ్డమీది నూగువలె చిన్నప్రేవు లోపలి గోడనిండా ఉండే చూషకాలు అరిగి చదునైపోతవి. ఆహారమును పీల్చుకొనేది అవే కనుక, ఎంత తిన్నా వంటికి పట్టదు. పిల్ల మింగిన ఇనుము ఎక్కడికి పోయిందో ఇప్పుడు ఊహించవచ్చును.

డచ్చి వైద్యుడు డికే ఈ వ్యాధిగల పిల్లలకు గోధుమే గిట్టడము లేదని యుద్ధమునకు ముందే అనుమానించాడు. 1944-45 చలికాలములో హాలెండులో కరువు వచ్చి రొట్టె దొరకలేదు. అందరూ చిక్కిపోతున్న ఆ రోజులలో ఈ పిల్లలకు నయముగా ఉండటము, రొట్టె తిరిగి రాగానే జబ్బు తిరగబెట్టడము అతని అనుమానమును బలపరచినవి.

ఉత్తర హిందూస్థానముతో పోలిస్తే ఈ వ్యాధి మన దక్షిణాదిన చాలా అరుదు. సంతోషించవలసిన మాటే గాని, అరుదు కావడముచేతనే ఇక్కడ ఎవరికీ త్వరగా అనుమానము తట్టదు.

ఇక మన పిల్ల సంగతి. వరియన్నము, జొన్నరొట్టె తినే ఇల్లు కనుక గోధుమ మానడము కష్టము కాలేదు. ఆరు నెలలలో ముఖము తేరుకున్నది. ఏప్రిల్ రాగానే మళ్లీ విరేచనాలు! గోధుమ ముట్టనేలేదని తల్లి ఒట్టు వేస్తున్నది. సైన్సు సారు కదా, చూడుమని నన్ను పిలిచారు. ముగ్గురమూ కూర్చుండి వంటిల్లంతా వెదికినాము.

మొదట దొరికినది బార్లీ. ఎండకు చలువ అని రోజూ బార్లీ నీళ్లు తాగిస్తున్నారు. బార్లీ అంటే యవలు. గోధుమకు దగ్గర చుట్టము. దానిలోనూ గ్లూటెన్ జాతి మాంసకృత్తే ఉన్నది. రెండవది పచ్చిపులుసు పోపులోని ఇంగువ. బజారులో అమ్మే ఇంగువపొడిలో గోధుమపిండినో మైదానో కలపడము సాధారణము. ఈ సంగతి డబ్బామీద సన్నని అక్షరాలతో ఉంటుంది గాని, ఇంగువ డబ్బాను ఎవరు చదువుతారు?

మూడవది పిండిగిర్ని. లెక్క వేయండి. గ్లూటెన్ లేనిదని అమ్మే ఆహారములో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని నియమము. గోధుమగింజ సుమారు 40 మిల్లీగ్రాముల బరువు, అందులో గ్లూటెన్ దాదాపు పదవవంతు. అంటే కిలో పిండిలో ఐదు గింజలు నలిగితేనే హద్దు వచ్చేసింది. గిర్నీ రాళ్ల సందున 30 గ్రాముల గోధుమపిండి మిగిలి, మన 5 కిలోల జొన్నలలో కలిసిందనుకొందాము. కిలోకు 600 మిల్లీగ్రాములు. హద్దుకు ముప్పై రెట్లు! గిర్నీవాని తప్పేమీ లేదు. వంతు ప్రకారము ఎవరి గింజలు వారికి ఆడిస్తాడు. అటుకమీదనున్న ఇసుర్రాయిని దింపి కడిగినారు.

మే నెలలో మా బొగ్గుబాయి ప్రాంతమున ఎండ 45 డిగ్రీలు దాటే రోజులున్నవి. అప్పుడు పొయ్యిదగ్గర ఎంత తక్కువసేపు ఉంటే అంత మేలు. అందుకు అంబలిని మించినది లేదు. రాత్రి జొన్నపిండిని నీటిలో కలిపి మూతపెడితే గాలిలోనూ పిండిలోనూ ఉన్న సూక్ష్మజీవులు తెల్లవారేసరికి దానిని పులియబెడతవి. ఉదయము కాచి, చల్లారిన తరువాత మజ్జిగ, ఉప్పు కలిపి, ఉల్లిగడ్డ నంజుకొని తాగుతారు. మొదటి షిఫ్టుకు పోయే తండ్రికీ, బడి లేని పిల్లకూ అదే గిన్నె.

రొట్టెకు మాత్రము కిటుకు తెలియవలెను. జిగట లేని పిండిని పట్టి ఉంచేది ఏది? మరిగే నీళ్లు. సుమారు 70 డిగ్రీల వేడికి జొన్నలోని పిండిపదార్థపు రేణువులు నీరు పీల్చి ఉబ్బి జిగురవుతవి. కనుక మరిగే నీటితో కలిపి, వేడి తగ్గకముందే అరచేతి మడమతో బాగా మెదపవలెను. చన్నీటితో కలిపితే అంచులు పగులుతవి. పెంకమీద వేసిన వెంటనే పైన తడిచెయ్యి రాయడము కూడ పగలకుండుటకే. బియ్యపుపిండి, నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు కలిపి గిన్నెకు అద్దే సర్వపిండి ఈ పిల్లకు మరొక విందు. పచ్చిపులుసుకు పొయ్యి పోపువరకే. ఇంగువ బదులు ఎల్లిగడ్డ, జీలకర్ర.

ఇది చదివి ఎవరైనా తమకూ ఇదే జబ్బని గోధుమ మానేయవద్దు. ముందే మానితే రక్తములో ఆ వ్యాధిని పట్టి ఇచ్చే గుర్తులు తగ్గిపోయి, పరీక్షలో జబ్బు లేనట్లే కనిపించవచ్చును. పరీక్ష అయినంతవరకు మామూలుగా తింటూ, తరువాత వైద్యుడు చెప్పినట్లు చేయవలెను.

ఆ వేసవి పోకముందే పిల్లకు విరేచనాలు ఆగినవి. పెండ్లిళ్లకు పోయినప్పుడు పూరీల బంతిలో కూర్చుండి, తనతో తెచ్చుకొన్న డబ్బాలోనుండి సర్వపిండి తీసి తింటున్నది. పక్కపిల్లలు అందులో ముక్క అడుగుతున్నారట.