గాలిపటానికో పదకోశం!

సంక్రాంతి వచ్చిందంటే ఊరూరా అదే ఆట. ఆ ఆటవస్తువు పేరు మాత్రం అంతటా ఒకటి కాదు. కోస్తాలో గాలిపటం, తెలంగాణలో పతంగి, పాత నిఘంటువుల్లో గాలిపడగ. పేరుకే ఇన్ని పేర్లుంటే ఇక పుల్లలూ దారాలూ జిగుర్ల సంగతి చెప్పాలా?

ఏ మ్యూజియంలోనో గాలిపటాల్ని నమోదు చేస్తున్నారనుకుందాం. ఒకరు 'పతంగి' అనీ మరొకరు 'గాలిపటం' అనీ రాసుకుంటూపోతే, తర్వాత వెతికేవారికి సగమే దొరుకుతాయి. అందుకే ఒక వస్తువుకి ఒక ప్రధాన పదాన్ని ఖాయం చేసి, మిగతావాటిని దాని కిందికి చేరుస్తారు. నియంత్రిత పదజాలం అంటే ఇదే. ఇందులో ఏ పేరునీ తీసెయ్యరు, అన్నిటి నుంచీ ఒకేచోటికి దారి వేస్తారంతే.

అరకు బాటలో...

తెలుగులో వృత్తిపదాల సేకరణకి బాట వేసింది ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి. అరకు ప్రాంతంలోని కొండదొరలు మాట్లాడే కూబి భాషమీద ఆయన చేసిన పరిశోధన 1969లో పుస్తకంగా వచ్చింది. అంతకుముందే, 1962లో, ఆయన సంపాదకత్వాన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించింది. అది వ్యవసాయ పదాలది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. పనిచేసేవారి నోటినుంచే మాటను సేకరించి, అది ఏ ప్రాంతానిదో గుర్తించడం ఆ పద్ధతి. గాలిపటానికీ అదే సరిపోతుంది.

వెదురంటే సరిపోదు

నిటారుగా ఉండేది నిలువు పుల్ల. విల్లులా వంచేది కమాన్. దారం ముడివేయడానికి కట్టేది సూత్రం. లెక్కల్లోదీ సూత్రమే, మెడలోదీ సూత్రమే. కాబట్టి పక్కన 'గాలిపటం' అని రాయకపోతే గందరగోళమే!

ఇక ముడిసరుకు. తూర్పు కనుమల్లో వెదురుకి కొదవలేదు. కణుపుకీ కణుపుకీ మధ్య గుల్లగా ఉండేది బొంగు. అరకు వెళ్లొచ్చిన వారెవరూ బొంగు చికెన్‌ని మర్చిపోరు. బొంగును నిలువునా చీలిస్తే బద్ద. దాన్ని సన్నగా చెక్కితే పుల్ల. గాలిపటానికి కావాల్సింది ఈ చివరిదే. జిగురు సంగతీ అంతే. అడవిలో గిరిజనులు సేకరించేది తపసి జిగురు. ఇంట్లో పిల్లలు కాగితం అంటించేది ఉడికించిన మైదాపిండి. రెంటినీ 'జిగురు' అని రాసి వదిలేస్తే ఎలా?

మాట మారితే...

పేర్లతో పనేముంది అనుకోకండి. వృక్షశాస్త్రం ప్రకారం వెదురు గడ్డిజాతి మొక్క. 1927నాటి అటవీ చట్టం మాత్రం దాన్ని చెట్టు నిర్వచనంలో చేర్చింది. దాంతో సొంత పొలంలో పెంచుకున్నా నరకడానికీ తరలించడానికీ అనుమతుల బెడద తప్పేది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చి, దాన్ని సేకరించి అమ్ముకునే హక్కును గిరిజనులకిచ్చింది. 2017 సవరణ చెట్టు నిర్వచనం నుంచే వెదురుని తీసేసింది. అడవి బయట వెదురు పెంచుకునేవారికి అదెంతో ఊరట. మారింది ఒక్క మాటే!

'చైనా మాంజా'దీ మాటతో వచ్చిన చిక్కే. పేరుని బట్టి అది చైనా నుంచి వచ్చే దారమనుకుంటాం. కానీ 2017 జులైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నిషేధించింది నైలాన్, ఇతర సింథటిక్ దారాలని. ఎక్కడ తయారైందని కాదు, దేనితో తయారైందన్నదే అక్కడ లెక్క. ఆ తర్వాతా ప్రమాదాలు ఆగలేదు. 2024 జనవరిలో హైదరాబాద్‌లోని లంగర్‌హౌస్‌లో ద్విచక్రవాహనం మీద వెళ్తున్న ఓ సైనికుడు మెడకి మాంజా కోసుకుని ప్రాణాలు కోల్పోయాడు.

అందుకే పదకోశంలో 'దారం' అన్న మాట కింద నూలు, నైలాన్ వేర్వేరు అరల్లో ఉండాలి. పూత లేనిదానికీ గాజుపొడి పూసినదానికీ మళ్లీ వేర్వేరు పేర్లుండాలి. ఈసారి దుకాణానికెళ్తే 'మంచి మాంజా ఇవ్వండి' అనకండి. 'పూత లేని నూలు దారం ఉందా?' అని అడగండి. ఆ నాలుగు మాటలూ ఓ పక్షినో, ఓ మనిషినో కాపాడొచ్చు!