రేపటి చలికి ఇవాళే వణకొద్దు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, శాన్‌డియాగో నగరం పక్కనే కొరొనాడో అనే సముద్రతీర పట్టణం ఉంది. ఆ దేశ నౌకాదళంలో 'సీల్' కమాండోలు కాదలచిన వారిని వడపోసేది అక్కడే. ఆ శిక్షణ ప్రాంగణంలో ఒక ఇత్తడి గంట ఉంటుంది. ఇక నావల్ల కాదు అనుకున్న అభ్యర్థి దాన్ని మూడుసార్లు మోగించి, తన హెల్మెట్‌ను నేలమీద వరుసలో పెట్టి వెళ్లిపోవచ్చు. బలవంతంగా ఆపేవారెవరూ ఉండరు. రోజులు గడిచేకొద్దీ హెల్మెట్ల వరుస పొడవవుతుంది, కుర్రాళ్ల వరుస కురచవుతుంది. చేరిన వారిలో అత్యధికులు చివరిదాకా నిలవరు.

ఆ శిక్షణలో అందరూ భయపడేది 'హెల్ వీక్' అనే వారానికి. నరకంలాంటి వారమని ఆ పేరుకు అర్థం. ఐదున్నర రోజులు సాగే ఆ పరీక్షలో నిద్ర మొత్తం కలిపి దాదాపు నాలుగు గంటలే. రోజుకు 20 గంటలకు పైగా శ్రమ ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో 300 కిలోమీటర్లకు పైగా పరుగెత్తాలి. జట్టుగా రబ్బరు పడవను నెత్తిన మోయాలి, బరువైన దుంగలు ఎత్తాలి. చేయీ చేయీ పెనవేసుకొని పసిఫిక్ సముద్రపు చల్లటి అలల్లో పడుకోవాలి. తడిబట్టలు, ఒంటికి అంటుకున్న ఇసుక, తగ్గని వణుకు. ఆరోగ్యవంతుడైన పాతికేళ్ల కుర్రాడు కూడా అమ్మను తలచుకునే వారమది.

మరి ఇలాంటి పరీక్షకు సిద్ధపడేదెలా? మొదట శరీరం. శిక్షణలో అడుగు పెట్టాలంటేనే 457 మీటర్ల దూరాన్ని పన్నెండున్నర నిమిషాల్లో ఈదాలి. రెండు నిమిషాల్లో కనీసం 50 పుషప్స్ తీయాలి. కడ్డీ పట్టుకొని 10 పులప్స్ చేయాలి. 2.4 కిలోమీటర్లను పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. ఇది గుమ్మం మాత్రమే. అంతటితో తృప్తిపడినవాడు లోపల నిలవడం కష్టం. అందుకే వివేకం గలవాడు నెలల ముందే మొదలుపెట్టి పరుగును, ఈతను, బరువును కొద్దికొద్దిగా పెంచుకుంటాడు. ఆత్రంతో ఒక్కసారిగా పెంచితే కాలి ఎముక సన్నగా చిట్లుతుంది, కల అక్కడే ఆగిపోతుంది. ఎవరూ చూడని తెల్లవారుజామున చేసిన సాధనే అందరూ చూసే రోజున అక్కరకొస్తుంది. పందెంలో పరుగెత్తేవాడు అన్ని విషయాల్లోనూ మితంగా ఉంటాడని, తానూ తన శరీరాన్ని అదుపులో పెట్టుకుంటున్నానని పౌలు కొరింథు సంఘానికి రాసింది ఈ సత్యమే (1 కొరింథీ 9:24-27).

రెండవది మనసు. సీల్ అభ్యర్థులకు నేర్పే మానసిక సాధనలు ప్రధానంగా నాలుగు. పెద్ద కష్టాన్ని చిన్న లక్ష్యాలుగా విడగొట్టుకోవడం, చేయబోయే పనిని ముందే మనసులో చేసి చూసుకోవడం, తనకు తాను ధైర్యం చెప్పుకోవడం, ఊపిరిని నెమ్మదిగా తీసి వదులుతూ భయాన్ని అదుపు చేయడం. వినడానికి చిన్నవే. అయితే గంట మోగించే చేతిని ఆపేవి ఇవే. ఎందుకంటే చాలామంది ఓడిపోయేది అలల్లో ఉన్నప్పుడు కాదు, మళ్లీ అలల్లోకి దిగాలన్న తలంపుతో. ఇంకా నాలుగు రాత్రులున్నాయే అని లెక్కపెట్టినవాడు మొదటి రాత్రికే కూలిపోతాడు. వచ్చే భోజనం దాకా ఉంటే చాలు అనుకున్నవాడు శుక్రవారం ఉదయాన్ని చూస్తాడు. రేపటి చింతను రేపటికే వదలమని కొండమీద ప్రభువు చెప్పిన మాట (మత్తయి 6:34) మెత్తని ఉపదేశం కాదు, యుద్ధరంగంలోనూ నిలబెట్టే క్రమశిక్షణ.

పరిశుద్ధ గ్రంథంలోనూ ఒక సైనిక వడపోత ఉంది. గిద్యోను వెంట 32 వేలమంది వచ్చారు. భయపడేవారు వెళ్లిపోవచ్చు అనగానే 22 వేలమంది తిరిగిపోయారు. నీళ్ల దగ్గర జరిగిన రెండో పరీక్ష తరువాత మిగిలింది 300 మంది (న్యాయాధిపతులు 7). తొలి పరీక్ష కండబలానికి కాదు, భయానికి పెట్టింది. అయితే ఆ మూడు వందల మంది విజయం తమ బలం వల్ల వచ్చిందని చెప్పుకోకూడదన్నది దేవుని ఉద్దేశం. ఎంపికైనవాడు మొదట మరచిపోయేది దీన్నే.

పట్టుదలకు మరో ముఖం కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో హెల్ వీక్ పూర్తి చేసిన ఒక యువకుడు కొన్ని గంటలకే న్యుమోనియాతో మరణించాడు. శిక్షణలో వైద్య పర్యవేక్షణ లోపాలున్నాయని ఆ తరువాత నౌకాదళ విచారణే తేల్చింది. ఓర్పు వేరు, శరీరం మొరపెట్టుకుంటున్నా వినకపోవడం వేరు. అరణ్యంలో సొమ్మసిల్లి చావు కోరుకున్న ఏలీయాను దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ప్రయాణం గురించి మాట్లాడింది ఆ తరువాతే (1 రాజులు 19). సైన్యానికో, పోలీసు ఉద్యోగానికో తెల్లవారకముందే రోడ్డెక్కి పరుగెత్తే మన బిడ్డల తల్లిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి. జ్వరంతో ఉన్న కుర్రాణ్ణి లేపి పరుగెత్తించడం శిక్షణ కాదు.

మరి గంట మోగించి వెళ్లినవాడి మాటేమిటి? మన పారా స్పెషల్ ఫోర్సెస్‌లోనూ స్వచ్ఛందంగా వచ్చి ప్రొబేషన్‌లో నిలవలేని సైనికులు తమ యూనిట్లకు తిరిగి వెళ్తారు. వాళ్లు పిరికివాళ్లు కారు. దేశానికి అప్పుడూ సైనికులే. పంఫూలియలో పౌలును విడిచి యెరూషలేముకు తిరిగిపోయిన మార్కును గూర్చి పౌలు బర్నబాతో తీవ్రంగా వాదించాడు. ఆ పౌలే చివరి రోజుల్లో, మార్కు నాకు ఉపయోగపడతాడు, వెంటబెట్టుకొని రా అని తిమోతికి రాశాడు (2 తిమోతి 4:11).

ఎంపికలో తప్పిపోయి ఇంటికొచ్చిన కొడుకును పొరుగింటి పిల్లాడితో పోల్చకండి. అన్నం పెట్టండి, నిద్రపోనివ్వండి. ఒక గంట మోగినంత మాత్రాన బతుకు పరుగు ముగిసిపోదు.