ఉపకారవేతనం వచ్చింది సరే, నిలబెట్టుకోవడం ఎట్లా?

ఇల్లు అలకగానే పండుగ కాదు అన్నారు పెద్దలు. చదువుల విషయంలో ఇది అక్షరాలా నిజం. కాలేజీలో సీటు దొరికిందని ఒక సంబరం, ఖర్చులకు ప్రభుత్వ సహాయం మంజూరయిందని మరొక సంబరం. తల్లిదండ్రులు బంధువులందరికీ కబురు చేస్తారు. ఆ మంజూరు ఒక్క ఏడాదికేననీ, మరుసటి ఏడు దాన్ని మళ్ళీ దక్కించుకోవలసి వుంటుందనీ ఆ సంబరంలో ఎవరికీ గుర్తుండదు.

మన దేశంలోనూ ఇటువంటి షరతులు లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం కాలేజీ విద్యార్థులకిచ్చే సెంట్రల్ సెక్టర్ స్కాలర్‌షిప్పు కొనసాగాలంటే, ప్రతి యేడూ పరీక్షలో కనీసం 50 శాతం మార్కులు రావాలి. 75 శాతం హాజరు వుండాలి. మార్కులూ హాజరూ మనకు అలవాటయిన లెక్కలే. అమెరికాలో మాత్రం లెక్క మరొక రకంగా వుంటుంది. మన తెలుగు కుటుంబాలు అనేకం అక్కడ స్థిరపడ్డాయి. అక్కడే పుట్టి పెరిగిన మనవలూ, మేనకోడళ్ళూ ఇప్పుడు కాలేజీ మెట్లు ఎక్కుతున్నారు. కాబట్టి ఆ లెక్క ఏమిటో ఇక్కడి పెద్దలు కూడా తెలుసుకోవడం మంచిది. అక్కడ సహాయం పోగొట్టుకునేవారు చదువు రాని పిల్లలే అనుకుంటే పొరపాటు. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా ఒక్కొక్కప్పుడు పోగొట్టుకుంటారు!

ఎవరిస్తారు? ఎవరికిస్తారు?

అమెరికాలో కాలేజీ చదువుకు ఫెడరల్ ప్రభుత్వం చేసే సహాయానికి మూలం 1965 నాటి ఉన్నత విద్యా చట్టం. ఆ యేడు నవంబరు 8 వ తేదీన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఆ చట్టం మీద సంతకం చేసింది రాజధానిలో కాదు. టెక్సాస్ రాష్ట్రంలోని సాన్ మార్కస్ అనే వూళ్ళో, తాను చదువుకున్న కాలేజీలో. ఆయన అక్కడ చదువుకునే రోజుల్లో గదులు వూడ్చే పని కూడా చేశాడు. డబ్బు చాలక మధ్యలో చదువు ఆపి, ఒక ఏడాది బడిపంతులుగా పనిచేసి, తిరిగి వచ్చి పట్టా పుచ్చుకున్నాడు. లేమి కారణంగా చదువు ఆగిపోవడమంటే ఏమిటో ఎరిగిన మనిషి.

ఇప్పుడు ఆ సహాయం మూడు విధాలుగా అందుతోంది. తిరిగి చెల్లించనక్కరలేని గ్రాంటు ఒకటి. చదువు ముగిశాక తీర్చవలసిన అప్పు రెండవది. కాలేజీలో కొద్ది గంటలు పని చేయించి ఇచ్చే కూలి మూడవది. గ్రాంటులలో ముఖ్యమైనది పెల్ గ్రాంటు. 1972 లో వేరే పేరుతో ప్రారంభమైన ఈ గ్రాంటుకు, 1980 లో సెనేటర్ క్లైబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2024-25 విద్యా సంవత్సరంలో ఒక విద్యార్థికి దీని కింద గరిష్ఠంగా ఇచ్చిన మొత్తం 7,395 డాలర్లు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ ఫెడరల్ సహాయం ముఖ్యంగా ఆ దేశపు పౌరులకూ, గ్రీన్ కార్డు వున్నవారికీ ఉద్దేశించినది. ఇక్కడినుంచి విద్యార్థి వీసా మీద వెళ్ళేవారికి ఇది రాదు. తండ్రి హెచ్ 1 వీసా మీద ఉద్యోగం చేస్తూంటే, ఆయనతో వెళ్ళి అక్కడ చదువుకునే పిల్లలకూ రాదు. వారికి విశ్వవిద్యాలయాలు తమ సొంత నిధులనుంచి ఇచ్చేవి ఏమైనా వుంటే, వాటి షరతులు వేరు.

మూడు గీటురాళ్ళు

సహాయం అందుకునే విద్యార్థి ఏటేటా మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. దానితోపాటు అతని చదువు 'సంతృప్తికరమైన ప్రగతి'తో సాగుతున్నదని కాలేజీ తేల్చాలి. ఇప్పుడున్న రూపంలో ఈ నిబంధనలు 2011 జూలై 1 నుంచి అమలులో వున్నాయి. హద్దులు ప్రభుత్వం గీసింది. ఆ హద్దులలో ప్రతి కాలేజీ తన నియమావళిని తాను రాసుకుంటుంది. ఎక్కడ చదివినా గీటురాళ్ళు మూడు.

మొదటిది గ్రేడు. నాలుగేళ్ళ చదువులో రెండేళ్ళు గడిచేసరికి గ్రేడుల సగటు 'సి' స్థాయిలోనయినా వుండాలి. నాలుగుకు రెండు అన్నమాట. ఇది అందరికీ అర్థమయ్యేదే.

రెండవది నడక. విద్యార్థి మొదలుపెట్టిన క్రెడిట్లలో సుమారు మూడింట రెండు వంతులు పూర్తిచేసి వుండాలి. తెలివైన పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఒక అమ్మాయి మొదటి సెమిస్టరులో 15 క్రెడిట్లకు పేరు నమోదు చేసుకున్నదనుకుందాం. గణితం గట్టిగా వున్నదని ఒక కోర్సు, రసాయనశాస్త్రం రుచించలేదని మరొక కోర్సు నడుమ వదిలేసింది. మొత్తం 6 క్రెడిట్లు పోయాయి. మిగిలిన 9 క్రెడిట్లలోనూ 'ఎ' గ్రేడు తెచ్చుకున్నది. సగటు నాలుగుకు నాలుగు! ఇంట్లో అందరూ మురిసిపోయారు. కాని కాలేజీ లెక్కలో ఆమె 15 మొదలుపెట్టి 9 పూర్తి చేసింది. అంటే 60 శాతం. నడక చాలలేదు.

వదిలేసిన కోర్సు సగటును తగ్గించదు. అందుకే పిల్లలు దాన్ని క్షేమమైన దారి అనుకుంటారు. సగటును కాపాడిన ఆ పనే నడకను దెబ్బ తీస్తుంది. సాధారణంగా సెమిస్టరు మొదట్లో, కోర్సులు మార్చుకునేందుకిచ్చిన గడువులోగా వదిలితే ఇబ్బంది వుండదు. గడువు దాటాక వదిలినదీ, పరీక్ష తప్పినదీ, పూర్తి చేయకుండా నిలిపి వుంచినదీ అన్నీ 'మొదలుపెట్టినవి' అనే పద్దులోకే పోతాయి.

మూడవది కాలపరిమితి. పట్టాకు 120 క్రెడిట్లు కావాలంటే, మొత్తం 180 క్రెడిట్లు ప్రయత్నించేలోగా అది చేతికి రావాలి. ఒకటిన్నర రెట్లు అన్నమాట. ఇక ఆ గడువులో పూర్తి కావడం అసాధ్యమని లెక్కలో తేలితే, 180 దాకా ఆగకుండా అప్పుడే సహాయం నిలుస్తుంది. జీవశాస్త్రం అని చేరి, ఆర్థికశాస్త్రానికి మారి, చివరకు కంప్యూటర్లలో తేలే పిల్లలు ఈ లెక్కను కనిపెట్టుకుని వుండాలి. సహాయం తీసుకోకుండా సొంత డబ్బుతో చదివిన సెమిస్టర్లు కూడా ఈ లెక్కలో చేరుతాయి.

తల్లిదండ్రులకు తెలియని ఉత్తరం

లెక్క తప్పితే ఏమవుతుంది? ప్రతి సెమిస్టరుకూ ప్రగతిని పరిశీలించే కాలేజీలు మొదట హెచ్చరిక ఇవ్వవచ్చును. ఆ హెచ్చరిక కాలం ఒక సెమిస్టరు. అంతవరకు సహాయం అందుతుంది. పైన చెప్పిన అమ్మాయి ఆ సెమిస్టరులో 15 కు 15 పూర్తి చేస్తే, మొత్తం 30 లో 24 అవుతుంది. 80 శాతం! గండం గడిచినట్టే. ఏడాదికి ఒకసారి మాత్రమే పరిశీలించే కాలేజీలలో ఈ హెచ్చరిక వుండదు. నేరుగా సహాయం నిలిచిపోయిందనే ఉత్తరం వస్తుంది.

ఆ ఉత్తరం ఎవరికి వస్తుంది? విద్యార్థికి. మన దగ్గర హాజరు తగ్గితే తండ్రిని పిలిపించే కాలేజీలు వున్నాయి. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం, కాలేజీలో చేరిన విద్యార్థి చదువు వివరాల మీద హక్కు ఆ విద్యార్థిదే. కొన్ని సందర్భాలలో తల్లిదండ్రులకు చెప్పే వెసులుబాటు కాలేజీకి వున్నా, చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. పిల్లవాడు భయపడి ఉత్తరం దాచుకుంటే, తరువాతి ఫీజు బిల్లు వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలియకపోవచ్చును. అప్పటికి చదువు సగంలో వుంటుంది. చదువు మానేస్తే, ఫెడరల్ విద్యార్థి రుణాలలో చాలామటుకు 6 నెలల తరువాత వాయిదాలు మొదలవుతాయి. పట్టా లేదు, అప్పు మాత్రం మిగిలింది!

అడగందే అమ్మయినా పెట్టదు

అయితే సహాయం నిలవగానే తలుపులన్నీ మూసుకుపోయాయని నిరాశ చెందనక్కరలేదు. చాలా కాలేజీలు అప్పీలు స్వీకరిస్తాయి. విద్యార్థి జబ్బుపడడం, గాయపడడం, దగ్గర బంధువు మరణించడం వంటి ప్రత్యేక పరిస్థితులను నిబంధనలే గుర్తించాయి. అప్పీలులో రెండు విషయాలు చెప్పాలి. చదువు ఎందుకు కుంటుపడిందన్నది ఒకటి. ఇప్పుడు ఏమి మారింది, ఇకమీదట ఎందువల్ల కుంటుపడదన్నది రెండవది. చాలామంది మొదటిదాన్ని కన్నీళ్ళతో నాలుగు పుటలు రాసి, రెండవదాన్ని మరచిపోతారు. వైద్యుని ధ్రువపత్రం వంటి ఆధారం జతపరిస్తే మాటకు బలం వస్తుంది. అప్పీలు అంగీకరించితే ఒక సెమిస్టరుపాటు షరతు మీద సహాయం సాగుతుంది. అంతలో కోలుకోవడం సాధ్యం కానివారికి, ఏ సెమిస్టరులో ఎంత పూర్తి చేయాలో ఒక ప్రణాళిక రాసి ఇస్తారు. దాన్ని తప్పకుండా పాటిస్తే సహాయం కొనసాగుతుంది. అప్పీలు నెగ్గకపోతే, సొంత ఖర్చుతో కొన్ని కోర్సులు పూర్తిచేసి, లెక్క సరిపడ్డాక మళ్ళీ అర్హత సంపాదించుకోవచ్చును.

అన్నిటికన్నా సులువైన పని ముందుగా అడగడం. కోర్సు వదిలే కాగితం మీద సంతకం చేయకముందే ఆర్థిక సహాయ కార్యాలయానికి వెళ్ళి, "ఇది వదిలితే నా సహాయం ఏమవుతుంది?" అని అడిగితే చాలు. చదువు మొత్తానికే మానుకోవలసి వచ్చినా అంతే. సెమిస్టరులో 60 శాతం గడవకముందే వెళ్ళిపోతే, ఆ సెమిస్టరుకు వచ్చిన డబ్బులో కొంత తిరిగి కట్టవలసి రావచ్చును.

ఇక పెద్దల సంగతి. ఫోనులో మనం మనవణ్ణి మొదట అడిగే ప్రశ్న "మార్కులు ఎన్ని వచ్చాయిరా?" అన్నదే. కాలేజీలో పాఠాలు చెప్పేవారందరూ ఎరిగిన విషయం ఒకటున్నది. ఆ ప్రశ్నకు భయపడే పిల్లలు కష్టమైన పాఠాన్ని ఎదుర్కొనడానికి బదులు దాన్ని వదిలించుకుంటారు. వదిలించుకున్న సంగతి ఇంట్లో చెప్పరు. దానికి బదులు "ఈసారి ఎన్ని మొదలుపెట్టావు? ఎన్ని పూర్తయ్యేట్టున్నాయి? ఎక్కడయినా కష్టంగా వున్నదా?" అని అడిగి చూడండి. గడువు దాటకముందే జవాబు వస్తే, సహాయమూ నిలుస్తుంది, చదువూ నిలుస్తుంది.