ఎండాకాలమే అదను

లేపాక్షికి దగ్గర్లో, చిలమత్తూరు మండలంలో వీరాపురం అని ఒక చిన్న ఊరుంది. పాత అనంతపురం జిల్లాలోది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. ఏటా జనవరి ప్రాంతాల ఎర్రకాళ్ల కొంగలు అక్కడికి గుంపులుగా వచ్చి, ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటి జోలికి పోరు, పోనివ్వరు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది నమ్మకం. కానీ ఆ ప్రాంతంలో ఈ జాతే లేదు. ఇవి మన చెరువుల పక్షులు. నిజంగా సైబీరియా నుంచి వచ్చే తెల్ల బెగ్గురు పక్షులు వేరు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు ఒకప్పుడు వచ్చిన ఆ గుంపు 2002 తర్వాత కనబడలేదు.

సైబీరియా మాట వదిలేసినా అసలు వింత అలాగే ఉంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని ఈ మెట్టసీమలో, అందులోనూ ఎండలు ముదిరే రోజుల్లో, చేపలు తిని బతికే పక్షి పిల్లల్ని ఎందుకు పెంచుతుంది?

జవాబు దాని ముక్కులో ఉంది. ఎర్రకాళ్ల కొంగ చేపను కంటితో వెతకదు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, పసుపుపచ్చని పొడవాటి ముక్కును సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఊపుతుంది. కాలితో అడుగు బురద కలిపి చేపల్ని కదిలిస్తుంది. చేప తగిలిందా, ముక్కు టక్కున మూసుకుంటుంది. దీని అమెరికా బంధువులో కొలిస్తే ఆ పట్టుకు సెకనులో నలభయ్యో వంతు పట్టింది. తడిమి పట్టే వేట కాబట్టి నీరు బురదగా ఉన్నా ఇబ్బంది లేదు, చేపలు మాత్రం ఒత్తుగా ఉండాలి. నిండిన చెరువులో అవి చెదిరిపోయి ఉంటాయి. సెప్టెంబరు, అక్టోబరు వానలకు నిండిన చెరువు ఎండకు ఇంకుతూ మడుగులుగా మిగిలినప్పుడు, చేపలన్నీ కొద్దిపాటి నీళ్లలోకి చేరతాయి. పిల్లల ఆకలి ఎక్కువయ్యేదీ అప్పుడే.

ఉత్తర ధ్రువం వైపున్న స్వాల్‌బార్డ్ దీవుల్లోనూ ఇదే లెక్క. అక్కడి కొండచరియల మీద కిక్కిరిసిన సముద్రపక్షుల్ని చూడటానికి జనం వేసవిలో చిన్న ఓడల్లో వెళ్తారు. పొద్దు గుంకని ఆ నెలల్లో మంచు కరిగి సముద్రంలో తిండి పెరుగుతుంది. అక్కడ అదను తెచ్చేది వెలుగు, ఇక్కడ ఎండ. వీరాపురం చెట్ల కింద నిలబడి చూస్తే, ఆ దీవుల కంటే ఇది ఏమాత్రం తక్కువ అద్భుతం కాదనిపిస్తుంది నాకు. మిట్టమధ్యాహ్నం తల్లో తండ్రో గూటి అంచున రెక్కలు విప్పి పిల్లలకు నీడ పడుతుంది. తన కాళ్ల మీద తానే రెట్ట వేసుకుని, ఆ తడి ఆరుతుంటే ఒళ్లు చల్లబరచుకుంటుంది. తెల్లగా పూత పడి ఎర్రకాళ్ల ఎరుపే కనబడదు.

అయితే ఇంకడానికైనా ముందు చెరువు నిండాలి. వాన తప్పిన ఏడు మడుగులుండవు. వంకలు పూడి, చెరువులో ఒండ్రు పేరుకుంటే, వాన పడిన ఏడు కూడా నీరు తొందరగా అయిపోతుంది. గుడ్లు పొదగడానికి నెల, పిల్ల ఎగరడానికి మరో రెండు నెలలు. చెట్లను ఊరు కాపాడుతూనే ఉంది. చుట్టుపక్కల చెరువుల్లో ఆ మూడు నెలలూ చేపలు మిగలాలంటే పూడిక తీయాలి, వంకలు తెరవాలి. ఆ పని ఒక్క వీరాపురం వల్ల కాదు. కొంగలు ఎగిరి వెళ్లి మేసే ప్రతి చెరువు దగ్గరా అది జరగాలి.